మా సందు కేసు నడిపిన లాయర్ గారు: ఒక క్లయింటు రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఇందులో లాయర్ గారి పేరు ఉండదు. రాస్తానంటే ఆయనే వద్దన్నారు. లాయర్లు తమ గురించి ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది చెబుతుంది. 2008లో కాస్త సడలించి వెబ్‌సైట్ పెట్టుకోనిచ్చారు. అందులో కూడా పేరు, అడ్రసు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రకం కేసులు చూస్తారు లాంటి వివరాలే ఉండాలి, గొప్పలు రాసుకోకూడదు. క్లయింటు పొగిడినా తనే రాయించుకున్నాడని ఎవరైనా అంటారేమోనని ఆయన భయం. సరే, ఆయన ఇష్టం. ఒక లాయర్ ఎక్కడ పని నేర్చుకున్నారు, రోజూ ఏ కోర్టులో నిలబడతారు, ఎంతమంది ఎదుటి సాక్షుల్ని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేశారు అన్నది మన కేసులో ఎక్కడెక్కడ పనికొస్తుందో చెప్పడానికి పేరుతో పని లేదు.

ఇంకో సంగతి. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తేల్చేసింది. ఫ్రిజ్ పాడైతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, లాయర్ పని పాడుచేస్తే వెళ్లలేం. వృత్తిపరమైన తప్పు చేస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసుకోవాలి, నష్టం రాబట్టాలంటే మళ్లీ సివిల్ దావాయే వేయాలి. అందుకని ఏ జాగ్రత్త తీసుకున్నా వకాల్తా (మన తరఫున వాదించమని లాయర్‌కి ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టకముందే తీసుకోవాలి.

నాది రాజమండ్రి, దానవాయిపేటలో జిరాక్స్, డీటీపీ షాపు. కేసు మా అమ్మ ఇంటిది, ఇన్నీసుపేటలో. వెనక వాటాకి వెళ్లే ఆరడుగుల సందుకి పక్కింటాయన ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. అడిగితే సందంతా తనదే అన్నాడు. పెద్దమనుషుల్లో పెట్టాం, తేలలేదు, కోర్టుకెక్కాం.

మొదట పెట్టుకున్న లాయర్ గురించి రెండు ముక్కలు చాలు. ఆయన బోర్డు పెద్దది, దాని మీద ‘హైకోర్టు అడ్వకేట్’ అని ఉండేది. హైకోర్టులో వాదించడానికి విడిగా లైసెన్సు ఏదీ లేదని నాకు తర్వాత తెలిసింది. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైన ఏ లాయరైనా కింది కోర్టు నుంచి హైకోర్టు దాకా ఎక్కడైనా నిలబడొచ్చు, బోర్డు ఎవరైనా రాయించుకోవచ్చు. ఆయన తయారుచేయించిన ప్లెయింటు (దావా పత్రం) చదువుతుంటే మా సందు గురించి రాస్తూ రాస్తూ ఒకచోట ‘సదరు పొలములోని పంటను’ అని వచ్చింది. టౌన్లో ఆరడుగుల సందులో పంటేమిటి! రోజూ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసేదాన్ని, పాత ఫైలు తెరిచి పేర్లు మార్చి సేవ్ చేస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదా? చూపిస్తే ‘అవన్నీ ఫార్మాటు అమ్మా’ అన్నారు. తర్వాత ఒక వాయిదాకి మా తరఫున ఎవరూ హాజరు కాక కేసు డిస్మిస్ అయింది. ఆ మాట ఆయన చెప్పలేదు, ఈకోర్ట్స్ యాప్‌లో చూసుకున్నాను. కేసు వేసినప్పుడు వచ్చే 16 అంకెల, అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదా తేదీ, ఆర్డర్లు అన్నీ కనిపిస్తాయి. కోర్టులో కేసున్న ప్రతి ఇంట్లో ఆ నంబరు క్యాలెండర్ మీద రాసిపెట్టుకోవాలి.

రెండో లాయర్ని వెతికింది కూడా ఆ యాప్‌లోనే. ఇది చాలామందికి తెలియదు. అందులో లాయర్ పేరుతో గానీ బార్ నంబరుతో గానీ వెతికితే ఒక కోర్టు కాంప్లెక్సులో ఆయనకున్న కేసులు, నడుస్తున్నవీ అయిపోయినవీ, విడివిడిగా వస్తాయి. పేర్ల స్పెల్లింగు గోల ఒకటుంది. ఇంటిపేరు ముందో వెనకో, ఒక అక్షరం ఎక్కువో తక్కువో, ఒకే మనిషి నాలుగు రకాలుగా ఉంటాడు. ఓపిక పట్టాలి. అయిపోయిన కేసుల్లో ఎక్కువచోట్ల తీర్పు పీడీఎఫ్ ఉంటుంది. తెలిసినవాళ్లు చెప్పిన ముగ్గురి పేర్లు కొట్టి చూశాను. ఒకాయనకి కేసులు బోలెడు, దాదాపు అన్నీ రాజీలూ విత్‌డ్రాలే. ఇంకొకాయనవి ఎక్కువగా చెక్ బౌన్సులు, మెయింటెనెన్సులు. మూడో ఆయన తీర్పులు తెరిస్తే దారి తగాదాలు, హద్దుల దావాలు, పార్టిషన్లు (ఆస్తి పంపకాలు). ఓడినవి కూడా ఉన్నాయి. ఓడిన ఒక తీర్పులో కూడా ఎదుటి సాక్షి క్రాస్‌లో ఏం ఒప్పుకున్నాడో జడ్జి గారు పేరాలు పేరాలు రాశారు. నాకు ఈయన కావాలనిపించింది.

ఆఫీసు ఇంటి ముందు గదిలోనే. ప్లాస్టిక్ కుర్చీలు, ఏసీ లేదు, గోడ నిండా అట్టలు కట్టిన కట్టలు. నేను మొహమాటపడకుండా నా ప్రశ్నలు అడిగాను. ‘మీరు ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు సార్?’ అన్న ప్రశ్నకి ఆయన మొహం వెలిగింది. తొంభైల్లో హైదరాబాదు వెళ్లి ఎన్‌రోల్ అయ్యారట, అప్పుడు రెండు రాష్ట్రాలకీ ఒకటే బార్ కౌన్సిల్. తర్వాత ఇక్కడే ఒక సివిల్ సీనియర్ దగ్గర ఎనిమిదేళ్లు. మొదట్లో పనల్లా పొద్దున కోర్టులో కేసులు పిలిచే కాల్‌వర్క్‌లో లేచి వాయిదా అడగడం, సాయంత్రం సీనియర్ చెబుతుంటే డ్రాఫ్టు రాయడం. మూడో ఏట గానీ సాక్షిని ముట్టుకోనివ్వలేదట. ‘ఆ ఎనిమిదేళ్లకీ కాగితం ఏమీ లేదమ్మా, సర్టిఫికెట్ ఇచ్చే చదువు కాదది’ అన్నారు.

నిజమే. మన దగ్గర లా డిగ్రీ అయ్యాక ఎన్‌రోల్ అయితే చాలు, ఎవరి దగ్గరా శిక్షణ తప్పనిసరి కాదు. ఏడాది ట్రైనింగ్ ఉండాలని బార్ కౌన్సిల్ 1995లో రూలు పెడితే 1999లో సుప్రీంకోర్టు అది చెల్లదని కొట్టేసింది. 2010లో ఆలిండియా బార్ పరీక్ష తెచ్చారు. 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది కూడా. కానీ అది చట్టాలు తెలుసో లేదో చూసే రాత పరీక్ష, సాక్షిని ఎలా అడగాలో అందులో రాదు. అందుకే ‘ఎన్నేళ్ల సర్వీసు’ అని అడగడం కంటే ‘ఎవరి దగ్గర, ఏ పని, ఎన్నాళ్లు’ అని అడగాలంటాను.

విజిటింగ్ కార్డుల మీద కనిపించే మిగతావాటి సంగతి కూడా అప్పుడే తెలుసుకున్నాను. బ్యాంకు ప్యానల్ లాయరంటే ఎక్కువగా లోన్లకి లింకు డాక్యుమెంట్లు, ఈసీలు చూసి ఒపీనియన్ ఇచ్చే పని. కాగితం చదవడంలో దిట్టలవుతారు, అంతమాత్రాన ట్రయల్ చేస్తారని చెప్పలేం. జీపీ, ఏజీపీగా (ప్రభుత్వ ప్లీడరు, ఆయన సహాయకుడిగా) చేసినవాళ్లకి ప్రభుత్వ రికార్డులు, రెవెన్యూ ఆఫీసుల తీరు బాగా తెలుస్తాయి, ప్రభుత్వం మారితే ఆ పదవులూ మారడం మనకి కొత్త కాదు. మా లాయర్ గారి కార్డు మీద పేరు, బీకాం, బీఎల్, ఫోన్ నంబరు, అంతే.

ఇక పని. మొదటి గండం పాత లాయర్ దగ్గర ఫైలు, ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకోవడం. ఒక లాయర్ వకాల్తా ఉన్న కేసులో ఆయన ఒప్పుకోకుండా ఇంకొకరు వకాల్తా వేయకూడదు, ఒప్పుకోకపోతే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. పాతాయన ఫీజు బాకీ ఉందని ఫైలు ఇవ్వనన్నారు. ఫీజు కోసం క్లయింటు కాగితాలు పట్టుకు కూర్చునే హక్కు లాయర్‌కి లేదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది, నేను గొడవకి సిద్ధమైపోయాను. మా లాయర్ గారు వద్దని, మర్నాడు బార్ అసోసియేషన్ హాల్లో ఆయన పక్కన కూర్చుని టీ తాగి ఫైలు తెచ్చేశారు. ఏం మాట్లాడారో చెప్పలేదు. పాతాయన గురించి చివరిదాకా నా ముందు ఒక్క మాట తూలలేదు. నాకు మాత్రం రోజూ తిట్టాలనే ఉండేది.

డిస్మిస్ అయిన కేసుని తిరిగి తెరిపించడానికి 30 రోజుల గడువు. అందులోపే పిటిషన్ వేశారు, కేసు మళ్లీ ఫైలుకెక్కింది. ఇదైతే ఏ లాయరైనా చేసేదే. అసలు అనుభవం బయటపడింది తర్వాత.

ఫైలు ఒక పూట చదివి నన్నూ అమ్మనీ పిలిచారు. ‘ఈ ప్లెయింటుతో ట్రయల్‌కి వెళ్తే ఓడిపోతారు’ అన్నారు. పంట ముక్క సంగతి కాదు, అది నవ్వుకోవడానికి. ఒక పేరాలో సందు మా సొంతమని, ఇంకో పేరాలో పక్కింటాయన స్థలంలో 20 ఏళ్లుగా నడుస్తున్నాం కాబట్టి దారి హక్కు వచ్చిందని రాసి ఉంది. దారి హక్కు అంటే ఎదుటివాడి స్థలం మీద ఉండేది. స్థలం నాదే అన్నవాడు నా స్థలంలో నాకు దారి హక్కు ఉందంటాడా? ఎదుటి లాయర్ మొదట పట్టుకునేది అదే. మా తాతగారి 1964 దస్తావేజు తీసి, షెడ్యూలులో దక్షిణం హద్దు దగ్గర వేలు పెట్టి చూపించారు. ‘ఉభయుల నడక సందు’. అంటే మాకూ వాళ్లకీ ఉమ్మడి. ఇన్నేళ్లు ట్రంకు పెట్టెలో ఉన్న కాగితమే, మా ఇంట్లో ఎవరూ ఆ హద్దు దాకా చదవలేదు.

ప్లెయింటు సవరించడానికి పిటిషన్ వేశారు. సాక్ష్యం మొదలవకముందే వేయాలని తొందరపెట్టారు. 2002 నుంచి ట్రయల్ మొదలయ్యాక సవరణ కావాలంటే, జాగ్రత్తగా ఉన్నా ముందు అడగలేకపోయామని కోర్టుని ఒప్పించాలట. నెల ఆలస్యమైతే మా తలుపు మూసుకుపోయేది.

తర్వాత అడ్వకేట్ కమిషనర్. కోర్టు ఒక లాయర్ని కమిషనర్‌గా వేసి, వెళ్లి చూసి రిపోర్టు ఇమ్మంటుంది. సాక్ష్యం పోగుచేయడానికి కమిషనర్ని పంపకూడదని ఎదుటివాళ్లు గట్టిగానే అభ్యంతరం పెట్టారు. మా లాయర్ గారి పిటిషన్‌లో అలాంటి మాటే లేదు, అక్కడున్న భౌతిక పరిస్థితులు నమోదు చేయమని మాత్రమే ఉంది. కోర్టు అనుమతించింది. ఈయన జూనియర్‌గా ఉన్నప్పుడు ఇలాంటి కమిషన్లు చాలా చేశారట, సీనియర్ జీతం ఇవ్వని రోజుల్లో అదే సంపాదన. అందుకే కమిషనర్‌కి ఏమేం చూడాలో చెబుతూ ఇచ్చిన వర్క్ మెమోలో సందు వెడల్పు మూడు చోట్ల కొలవాలని, మా వెనక ద్వారబంధం కర్ర ఏమిటో, దాని కింద గడప రాయి ఎంత అరిగిందో రాయాలని, గేటు మడతబందుల చుట్టూ ఉన్న సిమెంటు, గోడ పాత సున్నం ఒకటేనా అని చూడాలని, కొళాయి పైపు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో గుర్తించాలని రాశారు. ఎవరు ఎన్నేళ్లుగా నడుస్తున్నారో కమిషనర్ చెప్పలేడు. అరిగిన గడప మాత్రం రిపోర్టులోకి ఎక్కింది. ఆ రోజు పక్కింటాయన కమిషనర్‌కి కూల్‌డ్రింకు ఇవ్వబోతే మేం కూడా కాఫీ పెట్టబోయాం, లాయర్ గారి జూనియర్ అమ్మాయి కళ్లతోనే వద్దంది.

నా సాక్ష్యం గురించి ఎక్కువ చెప్పను. చీఫ్ అఫిడవిట్ (నా సాక్ష్యం రాసిన ప్రమాణ పత్రం) ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పి, నేను చూడనిది ఒక్క వాక్యం ఉన్నా కొట్టేయమన్నారు. క్రాస్‌లో టెన్షన్ పడ్డాను, గట్టెక్కాను.

పక్కింటాయన క్రాస్ మాత్రం చెప్పి తీరాలి. కేకలు, బల్ల గుద్దడం లాంటివి చూస్తాననుకుని వెళ్లాను. ఈయన గొంతు వెనక బెంచీకి సరిగ్గా వినిపించను కూడా వినిపించలేదు. చిన్న చిన్న ప్రశ్నలు. మీ వంటింటి కిటికీ ఏ వైపుంది? సందు వైపు. ఇల్లు కొన్నది ఎప్పుడు? 1978లో. దస్తావేజు చదివారా? చదివాను. ఉత్తరం హద్దు ఏమని ఉంది? ఆయన నసిగాడు. దస్తావేజు చేతికిచ్చి చదవమన్నారు. ‘ఉమ్మడి నడక సందు’ అని చదివాడు. పై అంతస్తు వేసినప్పుడు కార్పొరేషన్‌కి ప్లాన్ ఇచ్చారా? ఇచ్చాను. సంతకం మీదేనా? నాదే. ఆ ప్లాన్ అప్పటికే కోర్టులో ఉంది, కార్పొరేషన్ నుంచి రికార్డు తెప్పించమని ముందే పిటిషన్ వేసి ఉంచారు. అందులో సందుని కామన్ ప్యాసేజ్ అని చూపించారు. నిజమేనా? నిజమే.

అంతే, కూర్చున్నారు. పక్కనున్న జూనియర్ అమ్మాయి చీటీ ఏదో అందించింది, తల అడ్డంగా ఊపారు. బయటికొచ్చాక నేనూ అడిగాను, ‘మరి గేటెందుకు పెట్టావని అడగొచ్చు కదా సార్?’ అని. ‘అడిగితే కారణం చెప్పే అవకాశం ఇచ్చినట్టే కదమ్మా. దొంగల భయం అంటాడు, కుక్కలంటాడు, అదంతా రికార్డవుతుంది. ఒప్పుకున్నాక మనకింకేం పని?’ అన్నారు. సీనియర్ దగ్గర ఎనిమిదేళ్లలో నేర్చుకున్నది ఇదేనేమో అనుకున్నాను.

ఇప్పుడు ఫిర్యాదులు. ఫోన్ ఎత్తరు. కోర్టు టైములో ఎత్తకపోవడం సరే, రాత్రి ఎనిమిదింటికి కూడా ఎత్తరు. సాయంత్రం ఆఫీసుకి వెళ్తే గంటన్నర కూర్చోవాలి, మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఆ కుర్చీలో ఇబ్బంది పడేది. వేరే కోర్టులో పార్ట్ హియర్డ్ (సగం విన్న కేసు) ఉందని మా కేసులో ఆయనే వాయిదాలు అడిగిన రోజులున్నాయి, షాపు మూసుకుని వెళ్లాక గానీ ఆ సంగతి తెలిసేది కాదు. ఒక మెసేజ్ పెట్టిస్తే ఆయన సొమ్మేం పోతుంది? గుమాస్తా గారు ప్రతి కాపీ అప్లికేషన్‌కీ పైన కొంత ఆశిస్తారు. అడిగింది లాయర్ గారికి చెబితే ఆపించారు, తర్వాత మా కాపీలు కొంచెం నెమ్మదించాయని నా అనుమానం.

ఫీజు విషయంలో వంక లేదు. మొత్తం అరవై వేలు, మూడు దఫాలు: వకాల్తా రోజు, సాక్ష్యం మొదలైనప్పుడు, వాదనల ముందు. బత్తాలు (సాక్షులకీ నోటీసులకీ కట్టే ఖర్చులు), కమిషనర్ ఫీజు, స్టాంపులు విడిగా, వాటికి చీటీ. ప్రతిసారీ రసీదు ఇచ్చారు. ‘గెలిస్తే ఇంత శాతం’ పద్ధతి ఒకటి విన్నానని అమ్మ అంటే, ఫలితం మీద ఫీజు మాట్లాడుకోవడం లాయర్లకి నిషేధమని చెప్పి నవ్వారు. గెలుస్తామని కూడా ఎప్పుడూ అనలేదు. లోక్ అదాలత్‌లో ఒకసారి కూర్చోబెట్టారు. అక్కడ రాజీ కుదిరితే దాని మీద అప్పీలు ఉండదు, కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది, ఎదుటివాళ్లు ఇంటి పక్కనే ఉండేవాళ్లు కదా అన్నారు. పక్కింటాయన తాళంచెవి ఒకటి ఇస్తానన్నాడు, గేటు మాత్రం తీయనన్నాడు. అమ్మ లేచి వచ్చేసింది.

తీర్పు మాకే వచ్చింది. సందు ఉమ్మడిదని, రెండు నెలల్లో గేటు తీసేయాలని, ఖర్చులు ఇవ్వాలని. మేం అడిగిన నష్టపరిహారం కొట్టేశారు, దానికి రుజువు లేదని లాయర్ గారు మొదటే చెప్పారు. తీర్పు వచ్చిన వారంలోనే జిల్లా కోర్టులో కేవియట్ వేయించారు. అది 90 రోజులు ఉంటుంది, ఆలోపు ఎదుటివాళ్లు అప్పీలు వేసి స్టే అడిగితే మన మాట వినకుండా ఇవ్వకూడదు. అప్పీలుకి గడువు 30 రోజులు. పక్కింటాయన దాదాపు ఆఖరి రోజు వేశాడు. కేవియట్ ఉండబట్టి ఏకపక్షంగా స్టే రాలేదు. అప్పీలు నడుస్తోంది, ఈయనకే వకాల్తా ఇచ్చాం. అప్పీలు ఫీజు వేరే మాట్లాడుకున్నాం.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ ఫోన్‌కి పోయింది. స్థలాలు, హద్దులు, దారులు, పంపకాల కేసులున్నవాళ్లకి ఇలాంటి నేపథ్యం ఉన్నవారు సరిపోతారు. పోలీస్ స్టేషను పని, బెయిలు, విడాకులు అయితే ఈయన దగ్గరికి వెళ్లి లాభం లేదు, తనే ఇంకొకరి దగ్గరికి పంపించేస్తారు. వెళ్లేవాళ్లు దస్తావేజుల జిరాక్సులతో పాటు ఒరిజినల్స్ కూడా పట్టుకెళ్లండి, జిరాక్స్ మీద ఆయన అభిప్రాయం చెప్పరు. జిరాక్స్ షాపు నడిపే నాక్కూడా చెప్పలేదు.